కొవ్వూరులో దిగని రోజు

మా పక్కింటి టైలరు బాబాయిగారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. కొవ్వూరులో ఎంతోమంది ఒంటి మీద ఆయన కుట్టిన చొక్కాలున్నాయి. నేను ఈ రోజు పిల్లలకు చదరంగం నేర్పి బతుకుతున్నానంటే అదీ ఆయన చలవే. ఏడుపు వస్తూనే ఉంది గానీ, ఏడుపుగొట్టు మాటలు మాత్రం రాయను. అవి ఆయనకు అస్సలు గిట్టవు.

పెద్ద పెద్ద ఆటగాళ్ళ ఆటలు, ఎత్తు ఎత్తుకూ వివరణతో అచ్చయిన పుస్తకం ఒకటి ఆయన దగ్గరుండేది. కుట్టు మిషను పక్కనే బోర్డు. పేజీ మీద లైనింగు గుడ్డ కప్పి, ఒక్కో వరుసే కనిపించేలా కిందికి జరిపేవారు. తర్వాతి ఎత్తేమిటో, ఎందుకో నేను చెప్పాకే గుడ్డ కదిలేది. ఎత్తు సరిగ్గా చెప్పినా కారణం తప్పయితే ఒప్పుకునేవారు కాదు.

"నేను చొక్కా కుట్టడం ఎలా నేర్చుకున్నాననుకున్నావమ్మడూ? పాతది కుట్లు విప్పి చూసి. ఇదీ అంతే" అనేవారు.

నాకేమో ఓపిక తక్కువ, పొగరు ఎక్కువ. ఆటలన్నీ బట్టీ పట్టేశాను. ఓ రోజు ఆయన మీదే, అచ్చం పుస్తకంలోలాగా, శకటును బలిచ్చాను. ఆయన దాన్ని లటుక్కున మింగేసి, టీ తాగుతూ నవ్వారు.

"ఒకళ్ళ కొలతలకి కుట్టిన జాకెట్టు ఇంకొకళ్ళకి పడుతుందేంటి? వాళ్ళ ఆటలో ఈ గుర్రం ఇక్కడ లేదు, చూశావా?"

ఒళ్ళు మండిపోయింది. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

పదో తరగతి కాగానే నాన్న తేల్చి చెప్పేశారు. "రాజమండ్రి పోటీలో గెలిస్తే ఆడుకో. లేదా, ఇంటర్‌లో ఈ ఆటలూ గీటలూ కుదరవు." పెళ్ళిళ్ళ సీజన్లో కొట్టు మూసేసి మరీ బాబాయిగారు నన్ను తీసుకెళ్ళారు.

చివరి రౌండు. గెలిస్తే కప్పు నాదే. శకటు బలికి చెయ్యి లేచింది కూడా. తీరా చూస్తే అవతలి గుర్రం రాజుకు కాపలాగా ఉంది. అమ్మో అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ముందు బంటును తోసి గుర్రాన్ని తరిమాను, ఆ తర్వాతే శకటును బలిచ్చాను. ఇంకో ఆరు ఎత్తులకు అవతలివాళ్ళు ఓటమి ఒప్పుకున్నారు.

తిరుగు రైల్లో బాబాయిగారి నోటికి అడ్డేలేదు. నేను ఎత్తులు రాసుకున్న కాగితం పట్టుకుని, ఎదురుగా కూర్చున్న జామకాయలావిడకి మొదటి ఎత్తు నుంచీ అందుకున్నారు.

"చెస్సంటే ఏంటండీ?" అందావిడ.

"అదే చెబుతున్నా, వినండి!"

గోదావరి దాటేశాం. బంటును ముందెందుకు తోశానో ఆయన చెబుతున్నారు, నేను మధ్యలో దూరి సరిదిద్దుతున్నాను. కొవ్వూరు వచ్చింది, మాకు తెలీనేలేదు. రైలు కదిలాక చూస్తే ప్లాట్‌ఫాం మీద నాన్న, మొహం పీక్కుపోయి, పెట్టె పెట్టెలోకీ తొంగిచూస్తున్నారు.

బాబాయిగారు కిటికీ ఊచల్లోంచి కాగితం ఊపుతూ గొంతు చించుకున్నారు. "గెలిచిందండోయ్! బంటు తోసి గెలిచింది!"

నాన్నకు బంటేమిటో తెలీదు. చెప్పు ఒకటి ఊడిపోయినా ఆగకుండా రైలు వెంట పరుగెడుతూ, "ఆడుకోమనండి! ఆడుకోమనండి!" అని అరుస్తున్నారు.