ఫజీ పెరట్లో చిక్కుపడ్డ హంగుల్

మంచుకొండల నడుమ లోయలో, దాచిగామ్ అడవిని ఆనుకున్న పేటలో ఎండు కూరగాయలంటే ఫజీ ఇంటివే. మొగుడు పోయాక వంకాయలూ సొరకాయలూ కోసి, దండలు గుచ్చి, ఎండబెట్టి అమ్మి ఇద్దరు కొడుకుల్ని పెంచింది. నోరు మాత్రం పెద్దది. పెరట్లోకి పిల్లి వస్తే ఆవిడ వేసే కేకకు మూడిళ్ల అవతలి కోళ్లు బెదిరేవి.

ఆ చలికాలం మంచు ఆగకుండా కురిసింది. దండలు చెమ్మెక్కాయని ఒకరోజు ఎండ పొడ కనిపించగానే పెరట్లో రెండు నైలాన్ తాళ్ల మీద ఆరేసి, పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్లింది. బయటికొచ్చేసరికి దండల మధ్య హంగుల్ నిలబడి సొరకాయ ముక్కలు నములుతోంది. కొండ మీద మేత దొరక్క దిగి వచ్చిన మగ దుప్పి. ఈ లోయలో తప్ప మరెక్కడా మిగలని జాతి.

ఫజీని చూసి ఉలిక్కిపడి తల విదిలించింది. ఒక తాడు కొమ్ముల్లో చిక్కి మెడకు చుట్టుకుంది. గుంజినకొద్దీ బిగుస్తోంది.

ఆ పెనుగులాట విని, పక్కింటి కాదిర్ చిరుత పడిందనుకున్నాడు. చిరుతకైనా ఎలుగుకైనా అక్కడ అందరూ చేసే పనే చేశాడు: ఖాళీ నూనె డబ్బా తీసుకుని కర్రతో వాయించాడు. వీధి కుక్కలు గేటు మీద పడ్డాయి. హంగుల్ మోకాళ్ల మీద కూలి రొప్పసాగింది.

ఫజీ కేక వెయ్యబోయి ఆగింది. ఇంకొక్క అరుపు చాలు, దాని మెడ విరుగుతుంది. చప్పుడుకి బయటికొచ్చిన కోడలు షమీమా చెవిలో తనే గొణిగింది.

"ఆ డబ్బా ఆపించు. అరవకు."

"నువ్వెక్కడికి మోజీ?" అంది షమీమా. అత్తను అమ్మా అన్నట్టు అలాగే పిలుస్తుంది.

"దాని దగ్గరికి."

"పొడిచేస్తుంది."

"పొడిస్తే నువ్వే కుట్లు వేద్దువులే. పో."

షమీమా గోడెక్కి కాదిర్ చేతిలోని కర్ర పట్టేసుకుంది. "కాకా, చిరుత కాదు, హంగుల్."

"ముందే చెప్పొచ్చుగా."

"ఈ మోతలో నీకేం వినబడుతుంది?"

కాదిర్ తొంగి చూసి పాలిపోయాడు. వీధిలోంచి వెళ్లి కుక్కలు లోపలికి రాకుండా గేటుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

ఫజీ కొట్టం గుమ్మంలోని కొడవలి అందుకుని, ఒంటిమీది ఫెరన్ విప్పి, ఆ పొడవాటి ఉన్ని అంగీని దాని కళ్ల మీద కప్పింది. పెనుగులాట ఆగింది, వణుకు ఆగలేదు. ఒక కొమ్ము మొన ఆవిడ పొట్టకు ఆనుతోంది. వెనక్కి జరిగితే చెయ్యి అందదు. కొడవలి మొన మెడకు తగలకుండా, తాడు కిందికి రెండు వేళ్లు దూర్చి ఒక్కొక్క పోగే కోసింది. చివరి పోగు తెగగానే ఫెరన్ లాగేసి పక్కకి ఒరిగింది.

హంగుల్ లేచి, తూలి, నిలదొక్కుకుంది. ఒక్క దూకులో వెనక గోడ దాటి అడవిలోకి వెళ్లిపోయింది. కొమ్ముకు వంకాయ దండ వేలాడుతూనే ఉంది.

"పెళ్లికొడుకులా తయారుచేసి పంపావు గదా ఫజీ," అన్నాడు కాదిర్, ఇంకా గేటు వదలకుండానే.

"ఆ దండది నూలు దారం. చెట్టుకి రాసుకుంటే తెగిపోతుంది."

ఫజీ చలికి పళ్లు టకటకలాడిస్తూనే రెండో తాడు ముడి విప్పసాగింది. దండలు మంచులో పడుతున్నాయి.

"ముందు ఫెరన్ తొడుక్కో మోజీ."

"ముందు ఇది ఊడనీ. దానికి ఇంకా ఆకలి తీరలేదు. మళ్లీ వస్తుంది."