గట్టుకు లాగిన గూడు

ఏలూరు బడిలో డ్రాయింగ్ చెప్పిన సుకుమార్ మాస్టారు రిటైరయ్యాక కెమెరా పట్టుకున్నారు. పెద్ద దృశ్యాల మీద ఆయనకు మనసు పోలేదు. తూనీగ రెక్కలో ఈనెలు, తామరాకు మీద నీటిబొట్టు, చీమ మోసుకెళ్లే నూక, అంతే. వాటికోసం బురదలో మోకాళ్లూనేవారు. ఇప్పుడు మోకాళ్లు వంగడం లేదు. కుడికంట్లో నడిమధ్య మసక. ఇక బాగుపడదని డాక్టరు చెప్పేశాడు. ఎడమకన్నూ అదే దారిలో ఉందట.

"ఇల్లంతా పురుగుల ఫొటోలే. ఇంకా ఏం తీస్తారండీ?" అంటూనే భార్య పెర్సిస్ ఫ్లాస్కులో టీ పోసిచ్చేది.

చూపుండగా ఒక్కటి తీయాలనుకున్నారు. గుడ్డు పగిలి పిల్ల ముక్కు బయటపెట్టే క్షణం. గుండుగొలను దాటాక, కొల్లేటి వైపు ఒక చేపల చెరువులో, మునిగి తేలే చిన్న పక్షి ఒకటి నాచుతో తేలే గూడు కట్టుకుంది. ఒకప్పుడు ఆయన దగ్గరే చదివిన చెరువు కాపలా సత్తిబాబు చూపించాడు. చేపలకు వచ్చే పిట్టల్ని టపాసులు కాల్చి తోలడం అతని పని. మాస్టారి కోసం ఆ మూల మాత్రం కాల్చడం మానేశాడు.

మాస్టారి లెన్సు బాగా దగ్గరున్నవాటినే తీయగలదు. గూడేమో గట్టుకు దూరం. రోజూ వచ్చి కూర్చుని, ఏమీ తీయకుండానే బస్సెక్కేవారు.

ఆ ఉదయం వెళ్లేసరికి గూడు గట్టునానుకుని ఉంది.

"రండి మాస్టారూ. మీరు అవస్థ పడుతున్నారని నేనే లాగానండి," అన్నాడు సత్తిబాబు. చేతిలో పొడవాటి వెదురు గెడ. చెరువులో గుర్రపుడెక్క కలుపు పేరుకుంటే ఆ గెడతోనే గట్టుకు లాగేస్తారు. గూడూ అలాగే వచ్చేసింది. "ఒక్క గుడ్డూ దొర్లలేదండి. దర్జాగా కుర్చీ వేసుకుని తీసుకోండి."

ఒక గుడ్డు మీద సన్నని బీట. లోపలినుంచి చిన్న చప్పుడు. మాస్టారు కెమెరా కంటికి ఆనించి, లెన్సు సరిచేసుకున్నారు. అవతల నీళ్లలో ఏదో అలికిడైతే తలెత్తారు. నిన్న గూడున్న చోట తల్లిపక్షి కాబోలు, నల్లటి చుక్కలా మునుగుతోంది, తేలుతోంది, మళ్లీ అక్కడే మునుగుతోంది.

కెమెరా దించారు.

"ఎక్కడిది అక్కడ పెట్టేద్దాం సత్తిబాబూ."

"అదేంటండీ. ఒక్కటన్నా తీసుకోండి. తర్వాత నెట్టేస్తానుగా."

"ఆ పిల్ల ఎప్పుడొస్తుందో ఏమో. మనం ఇక్కడుంటే తల్లి గట్టుకి రాదయ్యా. గుడ్లు చల్లారిపోతాయి."

సత్తిబాబు మొహం చిన్నబోయింది. "నాకు తట్టలేదండి."

"నాకోసమే చేశావులే. నెమ్మదిగా తీసుకెళ్లు."

అతను ఛాతీలోతు నీళ్లలోకి దిగి, గూటిని రెండు చేతుల మీదా తేలుస్తూ తీసుకెళ్లాడు. తిరిగొచ్చి గట్టున కూలబడ్డాడు. ఇద్దరూ టీ తాగారు. ఎండెక్కింది.

"వచ్చిందా?"

"చుట్టూ తిరుగుతోందండి, పరీక్షహాల్లో మీరు తిరిగినట్టు."

మాస్టారికి నవ్వే ఓపిక లేదు. కాసేపటికి సత్తిబాబే అన్నాడు, "ఎక్కిందండి. కూర్చుంది."

మాస్టారు కెమెరాలోంచి చూశారు. నీళ్లు, పచ్చదనం, మధ్యలో మసక.

"నిజంగానా? నన్ను ఇంటికి పంపడానికి చెప్పట్లేదు కదా?"

"ఒట్టండి. రెక్కలు సర్దుకుంటోంది."

మాస్టారు లెన్సుకు మూత పెట్టి, లేవడానికి చెయ్యి చాచారు.