ప్లేటు మీది అంకె

బందరులో మేం వెళ్ళే జిమ్‌లో పొద్దున్నే నేనూ, నన్ను బావా అని పిలిచే ఒకాయనా జట్టు. నాకు పోలియో కాలు, ఆయనకు చూపు లేదు. ఆయన బెంచి మీద పడుకుని బరువెత్తుతాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని రాడ్డుకి ఇనుప ప్లేట్లు తొడిగి, ఎన్ని కిలోలో చదివి చెబుతాను. అరవై దాటాక పెద్దల బడిలో నేర్చుకున్న అంకెలు కదా, గట్టిగా చదవడం నాకు సరదా.

ఒకరోజు ఆయన చేతులు వణికాయి. పది కిలోల ప్లేట్లు తీసేసి ఐదువి వేశాను.

"ఎంత బావా?"

"అటు పది, ఇటు పది. ఎత్తవయ్యా!"

ఎత్తాడు. ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు. వారం రోజులు అలాగే నడిపించాను.

ఆ తర్వాత ఒకనాడు లేచి కూర్చుని ప్లేటు మీద వేళ్ళు పెట్టాడు. అంకె ఇనుములో ఉబ్బెత్తుగా ఉంటుందని నాకు తట్టనే లేదు.

"ఐదుని పది అని చదివావేంటి బావా? మీ బళ్ళో అలాగే చెప్పారా?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. చదువు రాని రోజుల్లో అవనిగడ్డ బస్సేదని అడిగితే, ఒకడు నన్ను గుడివాడ బస్సెక్కించాడు. వాణ్ణి ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను. నాది జాలి అనుకున్నాను గానీ, నా కాలు చూసి ఎవరైనా జాలిపడితే నేను ఊరుకుంటానా?

ఇప్పుడు ఉన్నది ఉన్నట్టే చదువుతున్నాను. ఆయన సరేనంటాడు. ప్లేటు తడిమి చూసుకున్నాకే పడుకుంటాడు.