కడుపు మీది గీతలు

తొంభైల్లో, గుడియాత్తంలో మా వీధికి ఎస్టీడీ బూత్ వచ్చిన కొత్తలో జరిగిన సంగతి ఇది. మేస్త్రీ పని చేసే మా ఆయనకు క్లోమంలో క్యాన్సర్ గడ్డ ఉందని తేలింది. వేలూరులో ఆపరేషన్ చేసి దాన్ని తీసేశారు. వేరు మిగలకూడదని కీమో సూదులూ, రేడియేషనూ మొదలుపెట్టారు. రేడియేషన్ ఎక్కడ పడాలో తెలియడానికి కడుపు మీద ఊదారంగు గీతలు గీసి, అన్ని రోజులూ అయ్యేదాకా చెరగకూడదన్నారు.

ఒక ఆదివారం ఆయన నీరసంతో నిద్రపోతుంటే, చెమట పట్టిందని వేడినీళ్ళ గుడ్డతో ఒళ్ళు తుడిచాను. గీతలన్నీ గుడ్డకు వచ్చేశాయి. అయ్యో, చెరిపేశానే అని ఆయన్ను లేపాను. లేచి చూసుకున్న ఆయన మాత్రం తొణకలేదు.

"నూలుదారం, స్కెచ్ పెన్ను తేమే. ముప్పై ఏండ్లు గోడలు లేపినోణ్ణి, నాలుగు గీతలు గీయలేనా?"

మరునాడు రేడియేషన్ ఇచ్చే డాక్టరమ్మ ఆ గీతలు చూసి ఆగిపోయింది. "ఇంత నేరుగా మేము గీయలేదే. ఎవరు గీసినారు?"

"నేనేమ్మా. కొలత తప్పదు, చూసుకోండి," అన్నారాయన.

ఆమె కోప్పడలేదు. "మేస్త్రీ, నువ్వు కట్టే ఇంటికి నేనొచ్చి పునాది ముగ్గు పోస్తే, దాని మీద గోడ లేపుతావా?"

"యాడ లేపుతానమ్మా," అని ఆయన బల్ల మీద పడుకున్నారు. ఎవరి మాటా వినని మనిషి ఇంకొకరి పనికి తలవంచడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆస్పత్రి వాళ్ళు మళ్ళీ కొలిచి గీయడానికి సగం రోజు పట్టింది.

రేడియేషన్ చివరి రోజు డాక్టరమ్మే "ఇంక తుడిచేయొచ్చమ్మా," అంది. ఇంటికొచ్చి సున్నిపిండితో తోముతుంటే ఆయన, "మెల్లగా తోమే, ఇది గోడ గాదు," అన్నారు.

ఆ ఏడే మళ్ళీ తాపీ పట్టారు.