ఎనిమిదో ఎలక్ట్రాన్

అమెరికాలోని పిస్కాటవేలో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీకి స్విమ్మింగ్ పూల్ నీళ్లు చూసుకునే ఉద్యోగం లీలావతిది. నరసరావుపేటలో పద్నాలుగేళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన మనిషి. ఇక్కడికి వచ్చాక, వర్క్ పర్మిట్ చేతికి అందగానే పూల్ ఆపరేటర్ పరీక్ష రాసి మొదటిసారికే పాసయింది. లెక్చరరమ్మ బకెట్లు మోస్తోందని చెవులు కొరుక్కున్నవాళ్లు లేకపోలేదు. ఆవిడ పట్టించుకోలేదు. నీళ్లలో క్లోరిన్ ఎంతుందో టెస్ట్ ట్యూబ్ రంగు చూసి చెప్పడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య.

రెండేళ్ల కిందట మే నెలాఖరు శనివారం పూల్ తెరవాల్సి ఉంది. అసోసియేషన్ ప్రెసిడెంట్ చక్రధర్‌కు తొందరెక్కువ. లీలావతి పంపు గదిలో ఉండగా, తానూ ఒక చెయ్యి వేద్దామని, అడుగున బ్లీచ్ మిగిలిన బకెట్లో యాసిడ్ ఒంపాడు. ఘాటు ముక్కుకు తగలగానే ఆవిడ బయటికొచ్చింది. బకెట్లోంచి పసుపూ ఆకుపచ్చా కలిసిన పొగ లేస్తోంది. చక్రధర్ దగ్గుతూనే దాన్ని ఎత్తబోతున్నాడు.

"వదిలెయ్యండి. నాతో పైకి రండి," అంది.

ఆ పొగ గాలికన్నా బరువు, పల్లానికే దిగుతుందని ఆవిడకు తెలుసు. ఆకులు ఎటు ఊగుతున్నాయో చూసి, అక్కడున్న పదిమందినీ గాలికి ఎదురుగా, మెరక మీదున్న రోడ్డుకు నడిపించింది. ఫైర్ వాళ్లకు ఫోన్‌లో అంతా పాఠం చెప్పినట్టే చెప్పింది.

చక్రధర్‌ను ఒక రోజు హాస్పిటల్లో ఉంచి పంపారు. లీలావతి చూడ్డానికి వెళితే సిగ్గుపడుతూ అడిగాడు.

"రెండూ పూల్‌లో వేసేవే కదండీ. కలిపితే ఏమైంది?"

"క్లోరిన్‌కి బయటి కక్ష్యలో ఏడు ఎలక్ట్రాన్లు. ఎనిమిదోది దొరికేదాకా ఊరుకోదు, ఎదురైనదాని దగ్గర లాక్కుంటుంది. ఉప్పులో అది సోడియం దగ్గర దొరికేసింది, అందుకే కూరలో వేసుకుంటున్నాం. పూల్‌లో కొంచెమే వేస్తాం, క్రిముల దగ్గర లాక్కుంటుంది. బ్లీచ్‌లో ఉన్నదీ ఆ క్లోరినే, మీరు యాసిడ్ పోసి దాన్ని గ్యాస్‌గా వదిలేశారు. మీ ఊపిరితిత్తుల మీద పడింది."

 చక్రధర్, క్లబ్‌హౌస్ బుక్ చేస్తాను, ఇది మెయింటెనెన్స్ వాళ్లందరికీ చెప్పమన్నాడు.

"నేను చేసింది కూడా చెప్పండి. పేరుతో సహా."

ఆ ఆదివారం పంతొమ్మిది మంది వచ్చారు. లీలావతి బోర్డు మీద క్లోరిన్ గుర్తు రాసి, చుట్టూ ఏడు చుక్కలు పెట్టింది. ఇప్పుడు చుట్టుపక్కల ఆరు కమ్యూనిటీల వాళ్లు ఏటా ఆవిడ క్లాసు విన్నాకే పంపు గది తాళం తీస్తున్నారు.