నోట్స్ వద్దన్న మమత

2021లో నేను సూరత్‌లోని ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో ట్యూటర్‌ని. కోవిడ్ వల్ల తరగతులన్నీ ఫోన్లోనే. నేను నోట్స్ చదివేదాన్ని, జీఎన్‌ఎం పిల్లలు రాసుకునేవారు, పరీక్షలో అదే అప్పజెప్పేవారు. జీఎన్‌ఎం అంటే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా. పదకొండేళ్లు అలాగే నడిపించాను. అందులో తప్పుందని తోచలేదు.

మమతది సూరత్‌లోనే మగ్గాల కార్మికులుండే డిండోలి బస్తీ. తండ్రి సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ మగ్గాల మీద పనిచేసేవాడు. ఆ అమ్మాయి ఏడో తరగతి దాకా తెలుగులో, తర్వాత గుజరాతీలో చదివింది. ఇప్పుడు పుస్తకాలన్నీ ఇంగ్లిష్. ఒకరోజు క్లాసయ్యాక ఫోన్ చేసింది.

"మేడమ్, నాకు నోట్స్ వద్దు. బుక్కు చదువుడు నేర్పుండ్రి."

"నోట్స్ ఉంటే పాసవుతావు కదమ్మా?"

"పాసైత. రేపు వార్డుల కొత్త మిషన్ వస్తే దాని కాగితం ఎవలు చదివిపెడ్తరు? మీరు నా ఎంబడి ఉండరు గద!"

నాకు కోపమే వచ్చింది. సరే చూద్దామని, ఆక్సిజన్ పాఠంలో ఒక పేరా చదవమన్నాను. హైపాక్సియా, సయనోసిస్ లాంటి వైద్య పదాలు తడబడకుండా పలికింది. అర్థాలూ చెప్పింది. కానీ 'డాక్టర్ చెబితే తప్ప మాస్క్ తీయకూడదు' అనే వాక్యాన్ని 'డాక్టర్ చెబితే మాస్క్ తీయకూడదు' అని చెప్పింది. మధ్యలో 'అన్‌లెస్' అనే మాటను దాటేసింది. అర్థం తలకిందులైందని చెప్పాను.

"పెద్ద మాటలు యాదికుంటయ్ మేడమ్. గీ చిన్నయే నన్ను ముంచుతున్నయ్."

రోజూ ఫోన్లో అరగంట కూర్చున్నాం. ఒక్కటే పేరా. ముందు తెలుగులో చెప్పాలి, ఆ తర్వాత తన సొంత ఇంగ్లిష్‌లో. తెలుగులో చెప్పలేకపోతే అర్థం కానట్టే లెక్క.

స్కూలు తెరిచాక పరీక్ష పెట్టాం. వేలికి తగిలించి ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్ మీద ప్రశ్న. రీడింగ్ తక్కువ వస్తే ముందు రోగి ఊపిరి చూడాలని, వెంటనే డాక్టర్‌కి చెప్పాలని, చల్లటి వేళ్లు, గోళ్లకి వేసుకున్న రంగు వల్ల కూడా అంకె తప్పు రావచ్చని మమత రాసింది. వైస్ ప్రిన్సిపల్ నన్ను పిలిచింది.

"ఇది మీ నోట్స్‌లో లేదు. మగ్గాల బస్తీ పిల్లకి ఇంత ఇంగ్లిష్ ఎక్కడిది? కాపీ కొట్టింది. సున్నా వేయండి."

"వేయను," అన్నాను. "వైవా పెట్టండి. పుస్తకంలో మీకు నచ్చిన పేజీ తెరవండి."

వైవా అంటే నోటితో చెప్పే పరీక్ష. ఆమె మాలో ఎవరమూ చెప్పని పాఠం తెరిచింది. మమత పేరాని లోలోపల రెండుసార్లు చదువుకుంది.

"ఏం, రాదా?" అంది ఆమె.

"అర్థం చేసుకుంటున్నాను మేడమ్, ఆగండి," అంది మమత గుజరాతీలో. చూపు దించలేదు.

తర్వాత పేరా అంతా గుజరాతీలో చెప్పింది, మళ్లీ ఇంగ్లిష్‌లో చెప్పింది. వ్యాకరణం అక్కడక్కడా తప్పింది, విషయం ఎక్కడా తప్పలేదు. చివర్లో తనే వేలు పెట్టి చూపించింది: "ఈ ఒక్క మాట తెలియదు. డిక్షనరీ చూసి రేపు చెప్తాను."

వైస్ ప్రిన్సిపల్ పుస్తకం మూసి, "మార్కులు వేయండి," అంది. అంతే. వరండాలోకి వచ్చాక మమత ఏడ్చింది.

"సారీ గూడ చెప్పలే, మేడమ్."

"చెప్పదు. నేనైనా నీకు చెప్పాలి," అన్నాను. ఎందుకో మమతకు అర్థం కాలేదు.

తర్వాతి బ్యాచ్‌కి నోట్స్ చెప్పనన్నాను. రిజల్ట్ పడిపోతుందని మీటింగులో గొడవ చేశారు. "ఒక ఏడాది పడితే పడనివ్వండి," అన్నాను. పదకొండేళ్లలో నేను మొద్దులని వదిలేసిన పిల్లల్లో ఎంతమంది ఒక్క 'అన్‌లెస్' దగ్గర ఆగిపోయారో నాకు తెలియదు. వాళ్లకు చదవడం నేర్పడం నా పని కాదనుకున్నాను. నా పని అదే.