లోపం లేదని రాసిన చెయ్యి

"ల్యాబ్ మాస్టారు పోయారండి, గుండెపోటంట" అని శుక్రవారం పొద్దున్నే నిడదవోలు నుంచి ఫోను. మధ్యాహ్నానికల్లా ఆయన్ని వెళ్ళగొట్టిన మా ఇంజినీరింగు కాలేజీ గేటుకి ఫ్లెక్సీ వేలాడింది: 'ఏ సాంకేతిక సమస్యనైనా చిటికెలో పరిష్కరించిన మేధావికి అశ్రునివాళి.' చదివితే రోత పుట్టింది. ఆ కాలేజీలోనే ఇప్పటికీ లెక్కలు చెబుతున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: ఒక సమస్యని పరిష్కరించినందుకే ఆయన ఉద్యోగం పీకారు.

వైర్‌లెస్ ఇంటర్నెట్టు మా వైపు కాలేజీలకి కొత్తగా వస్తున్న రోజులు. వరండాల్లో, హాస్టళ్ళలో సీలింగుకి సిగ్నలిచ్చే తెల్ల పెట్టెలు బిగించారు. వాటన్నిటినీ నడిపే కంట్రోలరు మాస్టారు చూసుకునే కంప్యూటర్ ల్యాబ్‌లో ఉండేది. ఏ పెట్టె పనిచేస్తోంది, ఏది ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, అన్నీ దాని తెర మీద కనిపిస్తాయి. మాస్టారు రాగానే, టీ అయినా తాగకుండా ఆ తెర చూసుకునేవారు. తర్వాత నిచ్చెన వేసుకుని ఒక్కో పెట్టెనీ చేతి వెనకవైపుతో తాకేవారు, పిల్లలకి జ్వరం చూసినట్టు. నెట్ రావట్లేదంటే అందరిలా ఆపి మళ్ళీ వెయ్యడం ఆయన పద్ధతి కాదు. "ఎప్పట్నించమ్మా? ఎక్కడ కూర్చుంటే పోతోంది? పక్కమ్మాయికి వస్తోందా?" అని అడిగి అడిగి విసిగించేవారు. "కంట్రోలరు అబద్ధం ఆడదండీ. మనమే దాన్ని అడగం" అనేవారు నాతో.

ఆడపిల్లల హాస్టల్లో రోజూ సాయంత్రం ఏడింటికి నెట్ పోయేది. ఉద్యోగాల దరఖాస్తులు, ప్రాజెక్టు పనులు ఎక్కడివక్కడే. వార్డెన్ గారిది ఎప్పుడూ ఒకటే జవాబు: "పాత బిల్డింగు కదమ్మా, గోడలు మందం." ఒక సాయంత్రం మాస్టారు ఇంటికెళ్ళకుండా తెర ముందు కూర్చున్నారు. నన్నూ కూర్చోబెట్టారు. సరిగ్గా ఏడింటికి ఆ హాస్టల్లోని ఆరు పెట్టెలూ ఒక్కసారే ఆరిపోయాయి.

"చూశారా? ఒకటి పోతే జబ్బండీ. ఆరూ ఒకే నిమిషానికి పోయాయంటే ఎవడో పీక నొక్కాడు."

వెతికితే దొరికింది. రోజూ ఏడింటికి ఆగిపోయేట్టు కంట్రోలర్లో టైము పెట్టి ఉంది. పెట్టినవాడు పెట్టెలు అమ్మిన కంపెనీ మనిషి. పెట్టించింది కాలేజీ యజమాని, కరస్పాండెంటు గారు. మగపిల్లల హాస్టలుకి అలాంటి టైమేమీ లేదు. మాస్టారు దాన్ని తీసేశారు. మర్నాడు మా ఇద్దరికీ పిలుపొచ్చింది.

"ఏంటండీ మాస్టారూ, మీకు ఆడపిల్లల్లేరా?" అన్నారు కరస్పాండెంటు గారు.

"ఉందండి. అందుకే తీశాను."

"వాళ్ళు చెడిపోతే తండ్రులకి మీరు చెప్తారా జవాబు? మళ్ళీ పెట్టండి. అడిగితే టెక్నికల్ ప్రాబ్లం అని రాయండి."

"కాలేజీ మీది, ఆపమంటే ఆపుతానండి. ఆపామని చెబుదాం. లోపమని మాత్రం రాయను. మగపిల్లల హాస్టల్లో గోడలు పల్చనా అండీ?"

నేను పక్కనే నిలబడి నోరు మెదపలేదు. నా మీద నాకున్న రోతని కూడా ఇందులో కలుపుకోండి. కానీ అసలు రోత వేరే. ఆడపిల్లని నమ్మం అని మొహం మీద చెప్పే దమ్ము లేక ఇటుకల మీదికి, సిమెంటు మీదికి నెట్టేసే పెద్దమనిషితనం ఉంది చూశారూ, అది. నిషేధానికి రిపేరు వేషం వేస్తే ఎవరి మీద తిరగబడతారు? గోడ మీదా?

మా దగ్గర ఫిర్యాదుకి జవాబు రాసి హాస్టల్ నోటీసు బోర్డుకి గుచ్చాలి. మాస్టారు టైము మళ్ళీ పెట్టి, ఇలా రాశారు: 'లోపం లేదు. కరస్పాండెంటు గారి ఆదేశం మీద ఆపబడింది.' కింద పూర్తి సంతకం. గంటలో కాగితం చించేశారు, అప్పటికే పిల్లలు చదివేశారు. మధ్యాహ్నానికి ల్యాబ్ తాళాలు తీసుకుని ఆయన్ని పంపేశారు. తర్వాత ఆయన నిడదవోలు స్టేషను దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నారు. నేనెప్పుడు వెళ్ళినా ఉద్యోగం ఊసెత్తేవారు కాదు. "పిల్లలేం చేస్తున్నారండీ?" అనేవారు, అంతే.

ఆ పిల్లలు ఏం చేశారో, ఆయన్ని పంపేసిన ఆ సాయంత్రమే చూశాను. ఏడయింది. హాస్టల్లో నెట్ పోయింది. నలభై మంది దాకా బయటికొచ్చి, తిన్నగా కరస్పాండెంటు గారి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. ఆయన గదిలోని పెట్టె సిగ్నలు అక్కడిదాకా అందుతుంది. దాన్ని ఆపాలంటే ఆయన తనది ఆపుకోవాలి. వార్డెన్ గారు అరిచి అరిచి ఊరుకున్నారు. కాసేపటికి ఆయన గది కిటికీలో లైటు ఆరింది, ఆయన కారు వెళ్ళిపోయింది. మెట్ల మీద నాలుగు లాప్‌టాప్‌లు, ఒక్కోదాని చుట్టూ పదేసి తలలు. ఎవరూ లేవలేదు.